శూన్యమున విద్యుత్తునకు అయస్కాంతపు కాపుదల

గాలి విద్యుత్తును కొంతవఱకే నిలువరింపగలదనియు, దాని ఓర్పు మించినపుడు మెఱుపై పిడుగై చీలిపోవుననియు వానకాలమున ఎల్లరకును అనుభవమే. అట్టి గాలిని పూర్తిగా తొలగించి, అణుమాత్రమైనను మిగులని శూన్యమును సాధింపగలిగినచో, ఆ శూన్యము ఎంతటి వోల్టేజినైనను నిరపాయముగా భరించునని తలచుటయు సహజమే. కాని ప్రయోగశాలలలోని కృత్రిమ శూన్యము గాని, ఉపగ్రహములు సంచరించు అంతరిక్ష శూన్యము గాని తనంతట తాను అంతటి కాపరి కాజాలదు. ఆ కాపుదలను అయస్కాంత క్షేత్రమునకు అప్పగింపవచ్చునను ఆలోచన ఏ విధముగా పుట్టెనో, ఎవరి చేతులలో పెరిగెనో, ఏ నిబంధనలకు లోబడి ఫలించెనో తెలుపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ చరిత్రకు మొదటి పుట జర్మనీలోని బాన్ నగరమున కలదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ నగరమున హైన్రిఖ్ గైస్లర్ అను గాజుపనివాడు విశ్వవిద్యాలయ పండితులకు పరికరములు చేసి యిచ్చుచుండెను. అంతకు పూర్వపు గాలిపంపులు ముషలకముల అంచులనుండి గాలి లోనికి జాఱుటచే గొప్ప శూన్యమును కల్పింపలేకుండెను. గైస్లర్ ముషలకమునే తొలగించి, దానికి మాఱుగా పాదరసపు మట్టమును పైకి క్రిందికి నడిపించి గాలిని వెలికి నెట్టు పంపును 1855 ప్రాంతమున నిర్మించెను. 1857లో అతడు రెండు కొనలయందు లోహపు తీగలను అతికించి, లోపలి గాలిని మిక్కిలి పలుచన చేసి మూసిన గాజుగొట్టములను సిద్ధపఱచెను. తీగలకు విద్యుత్తు తగిలింపగనే ఆ గొట్టములు వింతవింత రంగులతో వెలుగుచుండెడివి. వేడుక చూచువారికి అవి వినోదములు. అదే విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన యూలియస్ ప్లూకర్‌కు మాత్రము అవి ప్రశ్నలు. అతడు 1858లో వెలుగుచున్న గొట్టము ప్రక్కకు ఒక అయస్కాంతమును చేర్చి చూచెను. లోపలి కాంతి వంగెను. రుణధ్రువమునకు చేరువగా గాజుగోడపై మెఱయుచున్న పచ్చని మచ్చ, అయస్కాంతమును కదలించిన కొలది తానును స్థానము మార్చుకొనెను. శూన్యమున ప్రవహించు విద్యుత్తు అయస్కాంతపు ఆజ్ఞకు లోబడునని లోకమునకు స్పష్టముగా తెలిసినది ఆ నాడే. ప్లూకర్ శిష్యుడైన హిట్టార్ఫ్ 1869లో ఆ కిరణములు ఋజుమార్గమున పోవుననియు, అడ్డు వచ్చిన వస్తువునకు నీడ పడుననియు చూపెను. 1897లో కేంబ్రిడ్జియందు జె. జె. థామ్సన్ ఆ కిరణములు రుణావేశము గల సూక్ష్మకణముల వరుసలని నిరూపించెను. ఆ కణములనే మనము నేడు ఎలక్ట్రానులని వ్యవహరించుచున్నాము.

ఇంతలో మఱియొక ప్రశ్న విద్వాంసులను వేధించుచుండెను. రెండు లోహపు పలకల నడుమనున్న వాయువు ఏ వోల్టేజి వద్ద చీలిపోవును? దీనికి స్ట్రాస్‌బర్గ్ నగరమున ఫ్రీడ్రిఖ్ పాషెన్ అను యువకుడు 1889లో సమాధానము చెప్పెను. చీలిక వోల్టేజి కేవలము పలకల ఎడముపై గాని, కేవలము వాయువు పీడనముపై గాని ఆధారపడక, ఆ రెండింటి గుణకారఫలముపై ఆధారపడునని అతని సూత్రము. గాలిని పలుచన చేసిన కొలది చీలిక మొదట సులభమగును. ఒకానొక కనిష్ఠ స్థానమును దాటిన పిదప మరల కష్టమగును. ఎలక్ట్రాను పరుగెత్తునపుడు దారిలో వాయుకణములు దట్టముగా ఉన్నచో, అది వేగము పుంజుకొనక మునుపే దేనికో తగిలి శక్తిని పోగొట్టుకొనును. కణములు మిక్కిలి అరుదుగా ఉన్నచో, దేనికిని తగులకయే ఆవలి పలకను చేరును, కావున క్రొత్త ఎలక్ట్రానులు పుట్టవు. ఈ రెండు స్థితుల నడుమనే ప్రమాదము పొంచియున్నది. నేలమీద ఒక సెంటీమీటరు ఎడములోని గాలి సుమారు 30,000 వోల్టులను భరించును. అదే ఎడమున పీడనమును వాతావరణ పీడనములో సుమారు 1,300వ వంతునకు తగ్గించినచో, 330 వోల్టులకే గాలి చీలిపోవును. అట్టి పీడనము భూమికి ఇంచుమించు 50 కిలోమీటర్ల ఎత్తున సహజముగా ఉన్నది. రాకెట్టు పైకి లేచునపుడు ఈ ప్రదేశమును దాటియే తీరవలెను. నేలపై నిశ్చింతగా పనిచేసిన పరికరము ఆ ఎత్తున నిప్పురవ్వలు క్రక్కుటకు కారణమిదియే. ఆరోహణ కాలమున అధిక వోల్టేజి యంత్రములను ఆపియుంచి, లోపల చిక్కుకొనిన వాయువులు వెడలిపోయిన పిమ్మటనే వానిని నడపుట వ్యోమనౌకల నిర్మాతలకు అలవాటైనది.

కనిష్ఠ స్థానమును దాటి గొప్ప శూన్యములోనికి పోయినచో విద్యుద్భంగము తప్పునా? తప్పదని ఇరువదవ శతాబ్ది పరిశోధనలు తేల్చెను. గాలి లేనిచోట లోహమే ఎలక్ట్రానులకు జన్మస్థానమగును. విద్యుత్ క్షేత్రము తీవ్రమైనపుడు లోహోపరితలమునుండి ఎలక్ట్రానులు చల్లని స్థితియందే వెలువడునని ప్రయోగములు చూపెను. 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు క్వాంటం సిద్ధాంతముచే దీనికి హేతువును వివరించిరి. కంటికి నునుపుగా తోచు లోహమున నిజమునకు సూదిమొనలవంటి సూక్ష్మశిఖరములు కలవు. ఆ మొనలయందు క్షేత్రము పెక్కు రెట్లు హెచ్చును. ఎలక్ట్రాను ప్రవాహపు వేడికి మొన కరిగి, ఆవిరియై ప్రేలిపోవును. ఆ లోహపు ఆవిరియే లేని వాయువు స్థానమును ఆక్రమించి చీలికకు త్రోవ తెఱచును. 1966లో సోవియట్ దేశమున మెస్యాట్స్, అతని సహచరులు ఈ ప్రేలుడు స్వరూపమును గుర్తించి వర్ణించిరి. కావున శూన్యమున విద్యుత్తును నిలువరింపదలచినవాడు, లోహము ఎలక్ట్రానులను విడువకుండ చేయుటయో, విడిచిన వానిని ఆవలి ధ్రువమును చేరకుండ వెనుకకు మరలించుటయో చేయవలెను. మొదటిది మిక్కిలి తీవ్రమైన క్షేత్రములలో అసాధ్యము. రెండవ పనికి సమర్థమైనది అయస్కాంతమే.

దీనిని మొదట గణితబద్ధము చేసి, ప్రయోగముచే స్థాపించినవాడు అమెరికాకు చెందిన ఆల్బర్ట్ హల్. ఇతడు యేల్ విశ్వవిద్యాలయమున గ్రీకు భాషను ప్రధానముగా చదివి, కొంతకాలము పాఠశాలలో భాషలు బోధించి, తరువాత భౌతికశాస్త్రమునకు మరలిన విలక్షణ పురుషుడు. షెనెక్టడీ నగరమునందలి జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయమున చేరిన అతని ముందుండిన సమస్య మొదట వ్యాపార సంబంధమైనది. రేడియో నాళములలో ఎలక్ట్రానులను తీగవలతో అదుపు చేయు పద్ధతి ఇతరుల పేటెంటు హక్కులలో చిక్కుకొనియుండెను. వల లేకయే అదుపు చేయు ఉపాయము కావలసియుండెను. హల్ నడుమ సన్నని తీగను, చుట్టును లోహపు గొట్టమును అమర్చి, గొట్టపు పొడవు వెంబడి అయస్కాంత క్షేత్రమును నడిపించెను. తీగనుండి బయలుదేరిన ఎలక్ట్రానుల దారి వంగెను. క్షేత్రమును కొంచెము కొంచెముగా హెచ్చించుచుండగా, ప్రవాహము కొంతవఱకు మాఱక నిలిచి, ఒకానొక విలువ దాటగనే హఠాత్తుగా పడిపోయెను. అంతట ఎలక్ట్రానులు గానుగెద్దు రోటి చుట్టును తిరిగినట్లు తీగ చుట్టునే తిరుగుచు, గొట్టపు గోడను చేరలేకపోయెను. 1921లో అతడు ఈ ఫలితమును ప్రకటించి, ఆ నాళమునకు మాగ్నెట్రాన్ అని పేరిడెను.

హల్ సూత్రము ప్రకారము, ఎలక్ట్రానులు గోడను చేరకుండ నిలువరింపదగిన వోల్టేజి అయస్కాంత క్షేత్రపు వర్గమునకును, గొట్టపు వ్యాసార్ధపు వర్గమునకును అనుపాతముగా పెరుగును. ఒక సెంటీమీటరు వ్యాసార్ధము గల గొట్టములో 100 గాస్‌ల క్షేత్రము సుమారు 220 వోల్టులను నిలువరించును; క్షేత్రమును పదిరెట్లు చేసి 1,000 గాస్‌లకు తెచ్చినచో ఆ మేర నూఱురెట్లు పెరిగి 22,000 వోల్టులగును. స్వల్పమైన అయస్కాంత బలమునకు ఇంతటి విద్యుత్తు లొంగుటయే ఈ విద్యకు మూలధనము. మాగ్నెట్రాన్ మాత్రము వేఱొక దారిని ప్రసిద్ధి కెక్కెను. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను వారు దాని గోడలో కుహరములను తొలిచి, ఇంచుమించు 10 సెంటీమీటర్ల తరంగములను గొప్ప శక్తితో వెలువరింపజేసిరి. యుద్ధకాలపు రాడారునకు అదియే ప్రాణమయ్యెను. నేటి గృహములలోని మైక్రోవేవ్ పొయ్యిలయందు కూడ ఆ సంతతివాడే పనిచేయుచున్నాడు. ఆ యంత్రము పనిచేయుటకు కూడ ఎలక్ట్రానులు నేరుగా గోడను తాకకుండ అయస్కాంతము ఆపుటయే మొదటి షరతు.

అయినను అయస్కాంతము అన్నివేళల కాపరి కాదని హాలండు దేశమునుండి హెచ్చరిక వచ్చెను. ఐంధోవెన్ నగరమున ఫిలిప్స్ సంస్థకు చెందిన పెన్నింగ్ 1930ల నడుమ, అల్ప పీడన వాయువులో అయస్కాంత క్షేత్రము విద్యుదుత్సర్గమును ఆపుటకు బదులు పోషించునని కనుగొనెను. ఎలక్ట్రాను నేరుగా పోవక సుళ్లు తిరుగుచు దీర్ఘమార్గమున సంచరించుటచే, అరుదుగానున్న వాయుకణములను సైతము తాకుటకు దానికి అవకాశములు పెరుగును. ఈ గుణమునే ఆధారము చేసికొని అతడు శూన్యమును కొలుచు మాపకమును 1937లో నిర్మించెను. అయస్కాంత క్షేత్రము వాయువు పీడనమును హెచ్చించినట్లే ప్రవర్తించునని తరువాతి పరిశోధకులు గణించిరి. ఇందలి పర్యవసానము మిక్కిలి ముఖ్యమైనది. పాషెన్ కనిష్ఠమునకు కుడివైపున, అనగా దట్టమైన వాయువులో, అయస్కాంతము చీలికను కష్టతరము చేయును. ఎడమవైపున, అనగా పలుచని వాయువులో, దానిని సులభతరము చేయును. వాయువే నామమాత్రమైన గాఢశూన్యమున మాత్రము మరల రక్షకమగును. మిత్రుడే శత్రువగు ఈ మధ్యస్థితిని గుర్తింపక అయస్కాంతమును నమ్మినవాడు మోసపోవును.

ఈ విద్యను అంతరిక్షమునకు తీసికొనిపోవలెనను ధైర్యము 1960లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు ఆవ్కో-ఎవరెట్ పరిశోధనాలయమున ఉదయించెను. మానవుని చంద్రునిపైకి పంపుటకు ప్రయత్నములు సాగుచున్న ఆ కాలమున, సూర్యుని విస్ఫోటములనుండి దూసికొనివచ్చు ప్రోటానులు వ్యోమగాములకు ప్రాణాంతకములు కావచ్చునను భయము బలముగా నుండెను. దళసరి లోహపు గోడలు కట్టినచో నౌక బరువెక్కును. రిచర్డ్ లెవీ, సార్జెంట్ జేన్స్ అను శాస్త్రజ్ఞులు 1964లో వేఱొక మార్గమును ప్రతిపాదించిరి. నౌకనే ధనావేశముతో కోట్లాది వోల్టులకు ఎక్కించినచో, ధనావేశము గల ప్రోటానులు దానిని చేరలేక వెనుకకు తఱుమబడును. 5 కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటానును ఆపుటకు 5 కోట్ల వోల్టులు చాలును. కాని అంతరిక్షమున ఎల్లెడల ఎలక్ట్రానులు కలవు. అవి ధనావేశిత నౌకపైకి ఉఱికి ఆ ఆవేశమును క్షణములో తుడిచివేయును. ఆ ఉఱుకును ఆపుటకే అయస్కాంత క్షేత్రము. కంకణాకారపు నౌకలోని అతివాహక తీగచుట్టలు నౌకచుట్టును క్షేత్రమును కల్పింపగా, ఎలక్ట్రానులు ఆ క్షేత్రరేఖలకు చిక్కి నౌకను పరివేష్టించి తిరుగునే కాని లోపలికి రాజాలవు. ఆ సంస్థకే చెందిన మఱియొక ప్రతిపాదన, ఇట్టి ఎలక్ట్రాను మేఘమును భారకణముల త్వరణమునకు ఉపయోగించుట. దానిని వివరించిన 1966 నాటి వ్యాసకర్తలలో సుప్రసిద్ధుడైన హాన్స్ బేథే ఒకడు. ఎలక్ట్రాను మేఘము తన ఆకృతిని కోల్పోయి అలలుగా చెదరు దోషమును కూడ లెవీ స్వయముగా గణించెను. తన ప్రతిపాదనకు గల బలహీనతను తానే వెదకి బయటపెట్టిన ఆ నిజాయితీ శాస్త్రజ్ఞునకు భూషణము. ఆ కవచము వ్యోమమున ఎన్నడును కట్టబడలేదు. కాని వారి భయము వట్టిది కాదని 1972 ఆగస్టు నాటి సూర్యతుఫాను, అపోలో 16, 17 యాత్రల నడుమ సంభవించి, నిరూపించెను.

అంతరిక్షమున కోరకయే ఆవేశము చేరు విధము కూడ ఆ దినములలోనే బయటపడెను. భూస్థిర కక్ష్యయందలి ఏటీఎస్-5 ఉపగ్రహము భూమినీడలో ప్రవేశించినపుడు వేల వోల్టుల రుణావేశమునకు గురియగుచున్నదని 1972లో డిఫారెస్ట్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఇంతకంటె ప్రత్యక్షమైన పాఠమును 1996 ఫిబ్రవరి 25వ తేది నేర్పెను. కొలంబియా వ్యోమనౌకనుండి ఇటలీవారి ఉపగ్రహమును ఒక సన్నని విద్యుత్తీగకు కట్టి పైకి వదలుచుండిరి. ఆ తీగ కక్ష్యావేగముతో భూమి అయస్కాంత క్షేత్రమును ఖండించుకొని పోవుటచే దాని రెండు కొనల నడుమ సుమారు 3,500 వోల్టులు పుట్టెను. 20 కిలోమీటర్లకు మించి వదలవలసియుండగా, 19.7 కిలోమీటర్ల వద్ద తీగ తటాలున తెగెను. నౌకవైపు మిగిలిన కొన కాలి కరిగి కనబడెను. తీగపై బంధకపు పొర ఒకచోట చిల్లుపడుటచే అక్కడనుండి నిప్పురవ్వ చెలరేగి, పొరలలో చిక్కుకొనియున్న వాయువు దానిని పోషించెనని విచారణలో తేలెను. చుట్టును అంతరిక్షమే ఉన్నను, ఆ చిల్లు వద్ద మాత్రము పాషెన్ వర్ణించిన ప్రమాదకర స్థితి ఏర్పడెను. శూన్యమును నమ్ముటకు ముందు, పరికరము తనతో తెచ్చుకొను వాయువును లెక్కింపవలెనని ఇందలి నీతి.

భూమిమీద ఈ విద్యకు సిద్ధి లభించినది అతిశక్తివంతమైన విద్యుత్ స్పందన యంత్రములలో. కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రవీంద్ర సుదన్, రిచర్డ్ లవ్‌లేస్ 1973లో ఒక చక్కని సూత్రమును ప్రకటించిరి. సుదన్ భారతదేశమున పుట్టి, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చదివినవాడు. ఎలక్ట్రానుకంటె ప్రోటాను 1,836 రెట్లు బరువైనది. కావున ఎలక్ట్రానులను మరలించుటకు చాలిన క్షేత్రము ప్రోటానులను ఇంచుమించు వంచనే వంచదు. అట్టి క్షేత్రమును రెండు ధ్రువముల నడుమ నిలిపినచో, ఎలక్ట్రానులచే వ్యర్థమగు శక్తి ఆగి, ప్రోటానుల పుంజము మాత్రము ముందుకు సాగును. అయస్కాంతపు కాపుదల ఇచట వడపోతగా కూడ పనిచేసెను.

న్యూమెక్సికో రాష్ట్రమున ఆల్బుకర్కీ నగరమునందలి సాండియా పరిశోధనాలయమున ఈ విద్య పరాకాష్ఠ నందెను. అచటి జెడ్ యంత్రము రెండు కోట్ల ఆంపియర్లకు మించిన ప్రవాహమును సెకనులో కోటవ వంతు కాలమున ఒక చిన్న లక్ష్యముపైకి పంపును. ఆ ప్రవాహము సాగు లోహపు పలకల నడుమ ఎడము లక్ష్యమునకు చేరువలో సెంటీమీటరు మాత్రమే. వాని నడుమ లక్షల వోల్టులు నిలువవలెను. దానికై బయటినుండి అయస్కాంతము నేదియు తేలేదు. స్పందన వచ్చిన తొలి క్షణమున రుణపలకనుండి ఎలక్ట్రానులు విడుదలై ఆవలికి దుముకును. ఆ క్షణమున కొంత నష్టము తప్పదు. కాని పలకలలో ప్రవాహము పెరిగిన కొలది, ఆ ప్రవాహమే తన చుట్టును అయస్కాంత క్షేత్రమును కల్పించుకొనును. ఆ క్షేత్రము చాలినంత కాగానే, దుముకుచున్న ఎలక్ట్రానులు నడుమనే వంగి, రుణపలకనంటి ఒక పలుచని పొరగా ముందుకు కొట్టుకొనిపోవును. విద్యుత్తు తన రక్షణను తానే కల్పించుకొను ఈ ఏర్పాటు 1970లలో రూపు దిద్దుకొనెను. మన కాలపు భౌతికశాస్త్ర విద్యలలో ఇంత సొగసైనవి అరుదని నా నమ్మకము.

ఈ బీజమును ఊహాగగనమునకు చేర్చినవాడు ఫ్రీడ్‌వార్ట్ వింటర్‌బర్గ్. 1929లో బెర్లిన్‌లో జన్మించి, హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయమున బోధించిన ఇతడు 1960ల చివరినుండి ఈ కాపుదలనే ఆశ్రయించి కేంద్రక సంయోగమునకు మార్గములు ప్రతిపాదించెను. 2008 ప్రాంతమున అతడు వర్ణించిన నౌక, అంతరిక్షపు గాఢశూన్యమున తానే ఒక మహాసంచాయకమై, నూఱుకోట్ల వోల్టులకు ఆవేశమెక్కి, ఆ శక్తిని ప్రోటానుల పుంజముగా విడిచి డ్యుటీరియము గుళికలను రగిలించుచు ప్రయాణించును. చుట్టును నిలిచిన అయస్కాంత క్షేత్రము ఎలక్ట్రానులను దరిచేరనీయదు. లెక్క మాత్రము అసంభవమును చెప్పదు. ఇట్టి వోల్టేజి వద్ద ఎలక్ట్రాను వేగము కాంతివేగమునకు సమీపించును. పది మీటర్ల ఎడమున వానిని ఆపుటకు కనీసము 3,300 గాస్‌ల క్షేత్రము కావలెను. అది భూమి క్షేత్రమునకు వేల రెట్లైనను, నేటి అతివాహక అయస్కాంతములకు అందరాని మేర కాదు.

శాంతముగా, నిరంతరముగా ఈ సూత్రము అంతరిక్షమున పనిచేయుచున్నచోటు కూడ ఒకటి కలదు. సోవియట్ శాస్త్రజ్ఞుడు మొరోజోవ్ రూపొందించిన ప్లాస్మా చోదకము 1971 డిసెంబరులో మెటియార్ ఉపగ్రహముతో కక్ష్యకు చేరెను. దానిలో అయస్కాంత క్షేత్రము ఎలక్ట్రానులను నిలిపియుంచుటచే, ప్రవాహశీలమైన ప్లాస్మాలో సైతము వందల వోల్టుల క్షేత్రము నిలిచి, జినాన్ అయానులను వెనుకకు చిమ్మి ఉపగ్రహమును నెట్టును. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటనుండి 2017 మే 5న ఎగిరిన జీశాట్-9 కూడ జినాన్ విద్యుత్ చోదకములను మోసికొనిపోయెను.

ఈ చరిత్రనంతయు పరిశీలించినచో తీర్పు స్పష్టమే. గాఢశూన్యమున అయస్కాంతము విద్యుత్తును కాపాడగలదని హల్ నాళమునుండి జెడ్ యంత్రమువఱకు ప్రయోగము నిరూపించెను. ఇది ఇక సందేహింపదగినది కాదు. కాని జెడ్ యంత్రమున ఆ కాపుదల నిలిచినది సెకనులో కోటవ వంతు కాలము. వ్యోమకవచమునకును, వింటర్‌బర్గ్ నౌకకును అది గంటలకొలది, దినములకొలది నిలువవలెను. నౌకనుండి వెలువడు వాయువు స్వల్పమైనను పెన్నింగ్ చూపిన విపర్యయమునకు దారి తీయును. ఎలక్ట్రాను మేఘపు చలనము స్థిరముగా నుండవలెను. క్షేత్రరేఖలలో నౌకను తాకు రేఖ ఒక్కటియు మిగులరాదు, ఏలయన ఎలక్ట్రాను ఆ రేఖ వెంబడి అడ్డులేకుండ లోనికి జాఱును. ఈ మూడు పరీక్షలలోను ఆ నౌక ఇంకను ఉత్తీర్ణము కాలేదు. వానిని తేల్చవలసినది కాగితముమీది లెక్క కాదు, కక్ష్యలో చేయు ప్రయోగము. ప్లాస్మాశాస్త్రము చదువు మన విద్యార్థులు ఈ ప్రశ్నను తమదిగా చేపట్టవలెను. దీనికి కావలసిన భౌతికశాస్త్రమంతయు వారి పాఠ్యగ్రంథములలోనే ఉన్నది.